పటము చదువుట : మన సీమ ఆధారముగా కొన్ని పాఠములు

భూగోళశాస్త్రమనగానే మన విద్యార్థులలో పెక్కుమందికి రాజధానుల పేర్లు, నదుల పొడవులు, పంటల పట్టికలు జ్ఞప్తికి వచ్చును. పరీక్ష ముగిసిన కొలది దినములకే అవి మరపున పడును. అయితే ఈ శాస్త్రములో మరపున పడని విద్య యొకటి గలదు. అది పటము చదువుట. ఈత వలె, సైకిలు త్రొక్కుట వలె, ఒకసారి పట్టుబడినచో అది జీవితాంతము మనలను విడువదు.

శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో చదువుకొనుచున్న మనకు ఈ విద్యతో పని మరింత ఎక్కువ. ఒక ప్రక్క బంగాళాఖాతము, మరియొక ప్రక్క తూర్పు కనుమలు, నడుమ సన్నని మైదానము. ఒడిశా కొండలలో కురిసిన వాన మన నదులలో వరదయై దిగును. సముద్రములో పుట్టిన తుపాను మన తీరమునకు దారి వెదకుకొనుచు వచ్చును. ఇట్టి చోట పటము చదువజాలని విద్యావంతుడు, హెచ్చరిక విన్నను అది తన ఊరిని గూర్చినదో కాదో తేల్చుకొనలేడు. కావున కఠినమైన గణితము జోలికి పోక, మనకు తెలిసిన ఊళ్ళనే ఉదాహరణములుగా గైకొని, పట పఠనములోని ముఖ్యాంశములను ఈ వ్యాసమున పరిశీలింతము.

తెలుగులో పటమన్నను, ఉర్దూలో నక్షా అన్నను వస్తువు ఒక్కటే. జిల్లా, తాలూకా, సరిహద్దు మున్నగు మాటలు అరబ్బీ, పారసీ భాషలనుండి వచ్చి తెలుగువాని నాలుకపై స్థిరపడినవి. నేలను కొలిచి వ్రాసికొను విద్యలో మన రెండు భాషలును ఏనాడో చేయి కలిపినవని ఈ మాటలే సాక్ష్యమిచ్చుచున్నవి.

శీర్షిక, సంవత్సరము

పటము చేతికి రాగానే మొదట చూడవలసినది దాని శీర్షిక. రెండవది అది సర్వే చేయబడిన సంవత్సరము. ఈ రెండవదానిని చాలమంది చూడరు. చూడకున్న ఏమగునో పార్వతీపురమును బట్టి తెలిసికొనవచ్చును. 1949 నాటి పటములో అది విశాఖపట్టణము జిల్లాలో కనబడును. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లా ఏర్పడినది గనుక 1960 నాటి పటములో శ్రీకాకుళము జిల్లాలో కనబడును. 1979 జూన్ 1న విజయనగరము జిల్లా ఏర్పడిన పిదప అచ్చయిన పటములో విజయనగరము జిల్లాలో నుండును. 2022 ఏప్రిల్ 4 తరువాతి పటములో పార్వతీపురము మన్యము అను జిల్లాకు అదియే ముఖ్యపట్టణము. ఊరు అంగుళమైనను కదలలేదు. గీతలు కదలినవి.

ఇచ్ఛాపురము కథయు నిట్టిదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమగువరకు అది మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాకు చెందినది. ఆనాడు గంజాములో అధికభాగము ఒరిస్సాలో కలిసినది. దక్షిణపు కొసనున్న తాలూకాలు ఇటు నిలిచి విశాఖపట్టణము జిల్లాలో చేరినవి. సరిహద్దు గీత కాగితముపై సన్ననిదే గాని దాని క్రింద మనుష్యులున్నారు. సాలూరునకు ఆవల కొండలలోని కొటియా గ్రామసముదాయము ఆంధ్రప్రదేశమునకు చెందునా, ఒడిశాకు చెందునా అను వివాదము 1968లోనే సుప్రీంకోర్టునకు చేరినది. పటముపై గీత స్పష్టముగా లేనిచో పాఠశాల యెవరిది, రేషను కార్డు యెవరిది అను ప్రశ్నలు పుట్టునని దీనివలన గ్రహింపవలెను.

పటములు ఎట్లు పుట్టినవి

మన దేశమున పటములను తయారుచేయు ప్రభుత్వ సంస్థ సర్వే ఆఫ్ ఇండియా. దాని ఆరంభము 1767. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు చెంత సెయింట్ థామస్ మౌంటు వద్ద ఒక ఆధారరేఖను అతి జాగ్రత్తగా కొలిచి, మహా త్రికోణమితీయ సర్వేకు శ్రీకారము చుట్టెను. అందలి సూత్రము హైస్కూలు విద్యార్థికి తెలిసినదే. త్రిభుజములో ఒక భుజము, రెండు కోణములు తెలిసినచో తక్కిన భుజములను లెక్కించవచ్చును. నేలపై ఒక్క రేఖను గొలుసులతో, కడ్డీలతో కొలిచిన పిదప, కొండశిఖరములనుండి కోణములను మాత్రము కొలుచుచు, త్రిభుజముపై త్రిభుజముగా దేశమంతయు అల్లుకొనిపోయిరి. లెక్కలో తప్పులు పేరుకొనకుండ నడుమ నడుమ మరికొన్ని ఆధారరేఖలను కొలిచి సరిచూచిరి. అట్టి ఆధారరేఖలలో ఒకటి 1860వ దశకపు తొలి సంవత్సరములలో మన విశాఖపట్టణ ప్రాంతముననే కొలువబడినది. నేటికిని టోపోషీటులో కొండకొనపై నడుమ చుక్కగల చిన్న త్రిభుజము కనబడినచో, ఒకనాడు అచ్చట సర్వేయరు పరికరమును నిలిపెనని అర్థము.

దిక్కులు

నేటి పటములలో పైభాగము ఉత్తరము. ఇది ప్రకృతి నియమము కాదు, మనము చేసికొన్న ఒప్పందము మాత్రమే. 1154లో సిసిలీ రాజు రోజరు కొరకు అల్ ఇద్రిసీ తయారుచేసిన ప్రపంచపటములో దక్షిణము పైన నుండెను. కావున పటముపై ఉత్తరపు బాణపు గుర్తును వెదకుట మొదటి నియమము. పిదప పటములోని ఉత్తరమును నేలమీది ఉత్తరముతో సరిపుచ్చి పటమును త్రిప్పి పట్టవలెను. అప్పుడు పటములోని రోడ్డు నేలమీది రోడ్డు వెంటనే సాగును.

నేలమీది ఉత్తరమును కనుగొనుటకు దిక్సూచి గలదు. ఉర్దూలో దానినే కుతుబ్‌నుమా అందురు. అది లేనిచో ఒక కర్ర చాలును. చదునైన నేలపై కర్రను నిటారుగ నాటి, ఉదయము తొమ్మిది గంటల ప్రాంతమున దాని నీడకొనను గుర్తించి, కర్ర మొదలు కేంద్రముగా ఆ నీడ పొడవుతో వృత్తము గీయవలెను. నీడ మధ్యాహ్నమువరకు కుదించుకొనిపోయి మరల పెరుగును. సాయంకాలపు నీడకొన వృత్తమును తాకినచోట రెండవ గుర్తు పెట్టవలెను. మొదటి గుర్తు పడమర, రెండవది తూర్పు. ఆ రెంటిని కలుపు గీతకు లంబము ఉత్తర దక్షిణములు. ఒక్క హెచ్చరిక: మధ్యాహ్నపు నీడ ఎల్లప్పుడు ఉత్తరమునకే పడునని తలపరాదు. మన ప్రాంతమున మే రెండవ వారమునుండి జులై చివరివరకు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరముగనే యుండును. నీడ దక్షిణమునకు పడును. ఆ కాలమునకు ఆద్యంతములలో ఒక్కొక్క దినము నిటారు కర్రకు మధ్యాహ్నము నీడయే యుండదు.

స్కేలు

నేలను కాగితముపై ఎంత కుదించితిమో తెలుపునది స్కేలు. 1:50,000 అనగా పటముపై ఒక సెంటీమీటరు నేలపై 50,000 సెంటీమీటర్లు, అనగా అర కిలోమీటరు. రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఇచ్చట విద్యార్థులు తరచు జారిపడుదురు. పొడవు రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరైనచో, వైశాల్యము నాలుగు చదరపు సెంటీమీటర్లకు ఒక చదరపు కిలోమీటరని మరువరాదు. ఒక చెరువు పటముపై ఒక చదరపు సెంటీమీటరున్నచో దాని వైశాల్యము పావు చదరపు కిలోమీటరు, అనగా 25 హెక్టార్లు, ఇంచుమించు 62 ఎకరములు.

పాత పటములు అంగుళమునకు మైలు లెక్కన నుండెడివి. వాని ప్రాతినిధ్య భిన్నము 1:63,360. పెద్ద స్కేలు, చిన్న స్కేలు అను మాటలలోను పొరపాటు కలుగును. హారము చిన్నదైన కొలది స్కేలు పెద్దది. ఊరి పొలముల పటము పెద్ద స్కేలు, భారతదేశ పటము చిన్న స్కేలు.

అక్షాంశములు, రేఖాంశములు

భూగోళముపై ఏ ఊరికైనను రెండంకెల చిరునామా గలదు. శ్రీకాకుళము సుమారు 18° 18' ఉత్తర అక్షాంశము, 83° 54' తూర్పు రేఖాంశము. విజయనగరము సుమారు 18° 7' ఉత్తరము, 83° 24' తూర్పు. ఒక డిగ్రీకి 60 నిమిషములు.

అక్షాంశమును ఆకాశములోనే చూడవచ్చును. ధ్రువనక్షత్రము దిఙ్మండలమునకు ఎన్ని డిగ్రీల ఎత్తున నుండునో, చూచువాని అక్షాంశము ఇంచుమించు అంతే. చేయి బారచాచి పట్టిన పిడికిలి సుమారు పది డిగ్రీలను కప్పును. మన తీరమున ధ్రువనక్షత్రము రెండు పిడికిళ్ళకు కొంచెము తక్కువ ఎత్తున కనబడును. ఇట్టి కోణములతోనే పదునొకండవ శతాబ్దమున అల్ బిరూనీ నందనా కోట చెంత (నేటి పాకిస్తానులోని పంజాబున) కొండ ఎత్తును, కొండపైనుండి చూచినపుడు దిఙ్మండలము ఎంత దిగజారి కనబడునో ఆ కోణమును కొలిచి, భూమి వ్యాసార్ధమును లెక్కగట్టెను. పరికరముల కంటె ఆలోచన ముఖ్యమని ఆ మహనీయుని జీవితము చెప్పును.

రేఖాంశము కాలమునకు సంబంధించినది. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును గనుక ఒక్కొక్క డిగ్రీకి నాలుగు నిమిషములు. భారత ప్రామాణిక కాలమునకు ఆధారమైన 82° 30' రేఖాంశము తుని పరిసరములలో మన రాష్ట్రమును దాటును. శ్రీకాకుళము దానికి 1° 24' తూర్పున నున్నది. కావున మన స్థానిక కాలము గడియారము కంటె సుమారు ఐదున్నర నిమిషములు ముందు. హైదరాబాదు రేఖాంశము సుమారు 78° 28'. మనకును దానికిని భేదము 5° 26', అనగా దాదాపు 22 నిమిషములు. హైదరాబాదునకు లెక్కించిన నమాజు వేళల పట్టికను, రంజాను మాసపు ఇఫ్తారు వేళల పట్టికను శ్రీకాకుళములో యథాతథముగ వాడరాదనుటకు కారణమిదియే. ప్రతి పట్టణమునకు వేరువేరు పట్టిక అచ్చువేయుట చాదస్తము కాదు, రేఖాంశ గణితము.

ఈ రెండంకెలతో దూరమును లెక్కించవచ్చును. మన అక్షాంశమున ఒక నిమిషము ఉత్తర దక్షిణములుగా సుమారు 1.84 కి.మీ., తూర్పు పడమరలుగా సుమారు 1.76 కి.మీ. శ్రీకాకుళము, విజయనగరముల నడుమ అక్షాంశ భేదము 11 నిమిషములు, అనగా 20 కి.మీ.; రేఖాంశ భేదము 30 నిమిషములు, అనగా 53 కి.మీ. లంబకోణ త్రిభుజ సూత్రము ననుసరించి కర్ణము సుమారు 57 కి.మీ. ఇది కాకి ఎగిరిన దూరము. బస్సు పోవు దూరము ఇంతకంటె ఎక్కువ. పటముపై వంకరరోడ్డును కొలువవలెనన్న దారమును దాని వెంట పరచి, పిదప దారమును స్కేలుపై నిలిపి చూడవలెను.

షీటు సంఖ్య, గడుల చిరునామా

సర్వే ఆఫ్ ఇండియా పాత విధానములో నాలుగేసి డిగ్రీల చతురస్రములకు సంఖ్యలు గలవు. 80° నుండి 84° తూర్పు, 16° నుండి 20° ఉత్తరము వరకు గల చతురస్రము 65. దానికి తూర్పుననున్నది 74. ఈ రెంటి హద్దయిన 84° రేఖాంశము సరిగా శ్రీకాకుళము జిల్లా మీదుగనే పోవుచున్నది. ఒక్కొక్క చతురస్రమును ఒక్కొక్క డిగ్రీ చొప్పున ఏ నుండి పి వరకు పదునారు భాగములుగను, ఒక్కొక్క భాగమును మరల 15 నిమిషముల చొప్పున పదునారు షీట్లుగను చేయుదురు. పై నుండి క్రిందికి, పిదప కుడిప్రక్కకు లెక్క సాగును. ఆ ప్రకారము విజయనగరము 65 ఎన్/8లోను, బొబ్బిలి 65 ఎన్/6లోను, శ్రీకాకుళము 65 ఎన్/15లోను పడినవి. టెక్కలి 74 బి/2, పలాస 74 బి/5, ఇచ్ఛాపురము 74 ఏ/12. ఒక్కొక్క షీటు సుమారు 28 కి.మీ. పొడవు, 26 కి.మీ. వెడల్పు గల నేలను చూపును. 2005 నాటి జాతీయ పట విధానము తరువాత ప్రజల ఉపయోగమునకై వేరు సంఖ్యలతో కొత్త వరుస పటములు వెలువడినవి. 2017 నుండి వానిని ఇంటర్నెట్టు ద్వారా పొందు వీలు కలిగినది. ఒకప్పుడు కార్యాలయముల బీరువాలలో నుండిన సంపద నేడు విద్యార్థి ముంగిటికి వచ్చినది.

షీటుపై గళ్ళు గీయబడి యుండినచో ఏ చోటునైనను ఆరంకెలతో చెప్పవచ్చును. నియమము ఒక్కటే: ముందు తూర్పు, పిదప ఉత్తరము. మేడ ఎక్కదలచినవాడు ముందు వాకిట నడచి మెట్ల చెంతకు పోవలెను గదా! ఒక గుడి 34వ నిలువుగీతకు కుడిప్రక్క పదింట మూడు వంతులును, 57వ అడ్డగీతకు పైన పదింట ఆరు వంతులును ఉన్నచో దాని చిరునామా 343576. కిలోమీటరు గళ్ళలో ఇది నూరు మీటర్ల వరకు నిక్కము.

రంగులు, గుర్తులు

టోపోషీటులో రంగులు అలంకారమునకు కావు. నీలము నీటికి, పచ్చన అడవులకు, తోటలకు, పసుపు సాగునేలకు, గోధుమరంగు ఎత్తులను తెలుపు రేఖలకు, ఎరుపు రోడ్లకు, ఇండ్లకు, నలుపు పేర్లకు, రైలుమార్గములకు. నీరు లేక ఎండియుండు వాగులను నలుపులో చూపుదురు. మన ప్రాంతమునకు ఇది ముఖ్యము. మనము గెడ్డలని పిలుచు ప్రవాహములు పెక్కు వేసవిలో ఇసుకబాటలు, శ్రావణములో ప్రాణాంతకములు. నల్లగీత చూచి నీరు లేదని ఇల్లు కట్టరాదు.

నౌపడా నుండి గుణుపురమునకు పోవు రైలుమార్గము పాత షీట్లలో సన్నపట్టాల గుర్తుతో నుండును. 1900లో పర్లాకిమిడి వరకు తెరువబడిన ఆ చిన్నరైలు ఇరువదియొకటవ శతాబ్దములో బ్రాడ్‌గేజిగా మారినది. ఇచ్చటను సంవత్సరము చూడవలెనను పాఠమే మరల ఎదురగుచున్నది.

ఊరి పేర్లును గుర్తులే. ఆమదాలవలస, కొత్తవలస, చిట్టివలస, మద్దువలస అని ఇన్ని వలసలు కనబడినపుడు, జనులు తరలివచ్చి నెలకొన్న చరిత్ర వానిలో దాగియున్నదేమో విచారింపవలెను. కవిటి ప్రాంతపు బల్లిపుట్టుగ వంటి పేర్లలో పొరుగు భాషల గాలి వీచును. నదికి ఎడమగట్టు, కుడిగట్టు అనునది మనము నిలిచిన తీరును బట్టి కాక, నీరు పారు దిక్కునకు ముఖము పెట్టి చెప్పవలెను. బౌద్ధక్షేత్రమగు శాలిహుండము వంశధారకు దక్షిణముననున్నది. నది తూర్పునకు సముద్రము వైపు పారుచున్నది. కావున శాలిహుండము కుడిగట్టున నున్నది.

కాంటూరు రేఖలు

సముద్రమట్టమునుండి ఒకే ఎత్తున గల చోట్లను కలుపు గీత కాంటూరు రేఖ. 1:50,000 షీట్లలో సాధారణముగా ఇరువది మీటర్లకొక రేఖ గీయుదురు. చెరువులో నీరు క్రమముగ తగ్గుచున్నపుడు గట్టుపై ఏర్పడు చారలను తలచుకొన్నచో ఈ భావము సులభముగ బోధపడును. రేఖలు దగ్గరగ నున్నచో నిట్రము, దూరముగ నున్నచో వాలు తక్కువ. పటముపై ఒక సెంటీమీటరులో ఐదు అంతరములు దాటినచో, అర కిలోమీటరు నడకలో నూరు మీటర్లు ఎక్కితిమన్నమాట. అనగా ఐదింట ఒకటి వాలు. ఎడ్లబండి ఎక్కజాలదు.

విజయనగరము చెంత రామతీర్థపు కొండలు మైదానములో ఒంటరిగ లేచినవి. అవి పటములో ఒకదానిలోనొకటి ఇమిడిన వలయములుగ కనబడును. లోయలో రేఖలు మలుపు తిరిగి, ఆ మలుపుకొన ఎగువవైపు చూపును. కొండవెన్నుపై అది దిగువవైపు చూపును. ఈ ఒక్క భేదము తెలిసినచో వాన నీరు ఏ దారిని దిగునో వ్రేలితో గీయవచ్చును. నాగావళి, వంశధార రెండును ఒడిశాలోని కలహండి సీమ కొండలలో పుట్టి, ఒకటి శ్రీకాకుళము చెంత కల్లేపల్లి వద్దను, రెండవది కళింగపట్నము వద్దను సముద్రములో కలియుచున్నవి. వంగర మండలములోని సంగము వద్ద సువర్ణముఖి, వేగవతి నాగావళిలో చేరును. మన ఆకాశము నిర్మలముగ నున్నను వరద రావచ్చుననుటకు ఈ పటమే సమాధానము.

గుండ్రని భూమి, చదునైన కాగితము

నారింజతొక్కను చింపక చదునుచేయలేము. అటులే గుండ్రని భూమిని చదునైన కాగితముపైకి తెచ్చినపుడు దూరమో, దిశయో, వైశాల్యమో కొంత చెడక తప్పదు. ఏది చెడినను పరవాలేదో నిర్ణయించుకొని గీయు పద్ధతిని ప్రక్షేపమందురు.

ఖిబ్లా దిక్కు దీనికి చక్కని ఉదాహరణము. మక్కా సుమారు 21° 25' ఉత్తర అక్షాంశముననున్నది, అనగా శ్రీకాకుళము కంటె మూడు డిగ్రీలు మాత్రమే ఉత్తరము. సాధారణ ప్రపంచపటముపై గీత గీచినచో ఆ దిక్కు నేరు పడమరకు నాలుగు డిగ్రీలు మాత్రమే ఉత్తరముగ తోచును. కాని భూగోళముపై దారము బిగించి చూచినచో, అతి దగ్గరి దారి పడమరకు సుమారు పన్నెండు డిగ్రీలు ఉత్తరముగ మొదలగును. గోళము చెప్పునదే సత్యము. మధ్యయుగపు ముస్లిం గణితవేత్తలు గోళ త్రికోణమితిని అంత శ్రద్ధతో పెంపొందించుటకు ఈ ఆరాధనావసరము ఒక కారణము.

తుపాను హెచ్చరిక

ఇంతవరకు నేర్చినది ఎందులకో ఇప్పుడు చూతము. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానపు కొబ్బరి, జీడితోటలు నేలకొరిగినవి. వెంటనే వంశధారకు వరద వచ్చినది. అంతకు నాలుగేండ్ల ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణము వద్ద తీరము దాటినది. ఇట్టి ప్రతి సందర్భమునను వాతావరణశాఖ తుపాను కేంద్రమును అక్షాంశ రేఖాంశములలోనే తెలుపును.

ఒక ఊహా ఉదాహరణము చూతము. తుపాను కేంద్రము 17.0° ఉత్తరము, 86.0° తూర్పు వద్ద నుండి గంటకు 15 కి.మీ. వేగమున వాయవ్యముగ కదలుచున్నదనుకొందము. కళింగపట్నము సుమారు 18.3°, 84.1°. ఇచ్చట 18.3 అనగా 18 డిగ్రీల 3 నిమిషములు కాదు, 18 డిగ్రీల 18 నిమిషములు. దశాంశమును అరువదితో హెచ్చించవలెను. అక్షాంశ భేదము 1.3 డిగ్రీలు, సుమారు 144 కి.మీ.; రేఖాంశ భేదము 1.9 డిగ్రీలు, సుమారు 201 కి.మీ.; నేరు దూరము సుమారు 247 కి.మీ. దిశ, వేగము మారనిచో పదునారు గంటల వ్యవధి మాత్రమే గలదు. ఈ లెక్కకు ఐదు నిమిషములు చాలును. పడవలను ఒడ్డుకు చేర్చుటకు, వృద్ధులను తరలించుటకు మిగులు పదునారు గంటల విలువ మాత్రము లెక్కకు అందదు.

మరియొక నియమము. మన అర్ధగోళమున తుపాను గాలి గడియారపు ముల్లునకు ఎదురుగ తిరుగును. తుపాను పోవు దిక్కునకు ముఖము పెట్టి నిలిచినచో, కుడిప్రక్క తీరమునకు గాలియు, ఉప్పెనయు సాధారణముగ ఎక్కువ. వాయవ్యముగ వచ్చు తుపాను పలాస వద్ద దాటినచో సోంపేట, ఇచ్ఛాపురముల వైపు కుడిప్రక్క యగును. నడుమ గాలి హఠాత్తుగ నిలిచినచో గండము గడచినదని బయటికి రారాదు. అది తుపాను కన్ను కావచ్చును. వెనుకనే ఎదురుగాలి వచ్చును. వేళకు చేయవలసిన పనిని గూర్చి మాత్రము మన లెక్కను గాక అధికారుల హెచ్చరికనే పాటింపవలెను. మన లెక్క ఆ హెచ్చరికను అర్థము చేసికొనుటకు, పొరుగువారికి నచ్చజెప్పుటకు.

విషయ పటములు, పొలము పటములు

1854లో లండనులో కలరా వ్యాపించినపుడు జాన్ స్నో అను వైద్యుడు మృతుల ఇండ్లను వీధిపటముపై గుర్తించగా, అవి బ్రాడ్ స్ట్రీటులోని ఒక నీటిపంపు చుట్టును గుమిగూడి కనబడెను. మన ఉద్దానమున కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో మూత్రపిండముల వ్యాధి ఎన్నో కుటుంబములను కృంగదీసినది. దాని కారణము ఇదమిత్థమని నేటికిని తేలలేదు. ఏ ఊరిలో ఎందరు, ఏ బావినీరు, ఏ నేల అని పటములపై నిలుపుట పరిశోధనకు తొలిమెట్టు. అయితే రెండు చుక్కల గుంపులు ఒకేచోట కనబడినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమనరాదు. పటము ప్రశ్నను చూపును. సమాధానమునకు ప్రయోగశాల కావలెను.

పొలము పటము మన ఇంటి విషయము. సర్వే గొలుసు 66 అడుగులు, నూరు లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. ఎకరములో నూరవ వంతు సెంటు, అనగా వేయి చదరపు లింకులు. 2020 డిసెంబరులో మన రాష్ట్రమున డ్రోనుల సాయముతో భూముల పునఃసర్వే ఆరంభమైనది. కొత్త కొలతల కాగితము చేతికి వచ్చినపుడు ఉత్తరమెటు, స్కేలెంత, సర్వే నంబరేది, వైశాల్యము పాతదానితో సరిపోవుచున్నదా అని చూచి తల్లిదండ్రులకు చెప్పవలసినది చదువుకొన్న బిడ్డయే. సంతకము చేసిన పిదప విచారించుట కంటె ముందు చదువుట మేలు.

ముగింపు

నేడు సెల్‌ఫోనులో నీలిచుక్క మనమెచ్చట నున్నామో చూపుచున్నది. అది సంతోషమే. కాని చుక్క చూపును గాని చదువదు. తుపాను రాత్రి విద్యుత్తు, టవర్లు పోయినపుడు చుక్కయు నుండదు. అప్పుడు మిగులునది మన తలలోని పటము. మన ఊరు ఏ గెడ్డ ప్రక్కన, ఎంత ఎత్తున, ఏ దిక్కునకు మెరక గలదో తెలిసిన విద్యార్థి ఆనాడు తన వీధికి దీపమగును.

అభ్యాసములు

1. మీ కళాశాల ఆవరణమున కర్రనీడతో ఉత్తరమును కనుగొని దిక్సూచితో పోల్చుడు.
2. సాలూరు సుమారు 18° 31' ఉత్తరము, 83° 12' తూర్పు. అది ఏ షీటులో పడునో చెప్పుడు.
3. ఇచ్ఛాపురము రేఖాంశము సుమారు 84° 42'. అచ్చటి స్థానిక కాలము గడియారము కంటె ఎంత ముందు?
4. పటముపై 7 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు గల తోట 1:50,000 స్కేలున ఎన్ని చదరపు కిలోమీటర్లు?
5. మీ ఊరిలోని మెరకలను, పల్లములను, తుపాను ఆశ్రయములను చూపు పటమును స్వయముగ గీచి, మీ గ్రామ సచివాలయములో చూపి సరిచూచుకొనుడు.

వీనిలో ఐదవదానికి మార్కులు లేవు. అదియే అన్నిటికంటె ముఖ్యము.